పేరు లేని కుట్టు

మొన్న సంక్రాంతికి పిల్లని వెంటబెట్టుకుని గురజాల వెళ్ళాను. అది మా అమ్మ పుట్టిల్లు. అమ్మమ్మా తాతయ్యా పోయాక ఆ ఇంట్లో ఇప్పుడు మా పెద్దమ్మ ఒక్కతే ఉంటోంది. ఎనభై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి. మేం వెళ్ళిన రోజు మధ్యాహ్నం టీవీలో ‘మాయాబజార్’ మొదలైంది. రంగులద్దిన మాయాబజార్. ఇంకేముంది, పొయ్యి మీది అరిసెల పాకం తప్ప తక్కిన పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆ సినిమాని మన ఇళ్ళల్లో ఎవరూ నోరు మూసుకుని చూడరు కదా! రాబోయే మాట ముందే అనెయ్యడం, పాటకి గొంతు కలపడం, ‘సావిత్రిని చూడు, అచ్చం రంగారావులాగే ఎట్లా నడుస్తోందో’ అని నూటొక్కోసారి ముక్కున వేలేసుకోవడం. నేనూ ఆ బాపతే. కాని మా అమ్మాయి ఉన్నట్టుండి, “అమ్మా, ఆ కిరీటాలూ నగలూ ఎట్లా ఉండాలో ఎవరు గీశారు?” అంది.

చెప్పొద్దూ, నాకు చప్పున నోరు పెగల్లేదు. తీసిందెవరో తెలుసు, పాడిందెవరో తెలుసు, మాటలు రాసిందెవరో తెలుసు. బి.ఏ. చదివి, నాలుగు నవలలు రాసి, ఆ సినిమా పాతికసార్లు చూశానని గొప్పలు పోయే నాకు, కృష్ణుడికి కిరీటం పెట్టిన మనిషి పేరు నాలిక చివరన కూడా లేదు.

మూలన కూర్చుని కందికాయలు ఒలుస్తున్న పెద్దమ్మ తలెత్తకుండానే అంది: “ఎవరో ఒకరు గీసే ఉంటారు. ఎవరో కుట్టే ఉంటారు. బట్ట దానంతటది వచ్చి మనిషి ఒంటి మీద పడుద్దా ఏంది?”

ఆ మాట అనడానికి ఆవిడకున్న హక్కు ఎలాంటిదో చెప్పాలంటే ముప్పై ఏళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

మా గురజాల పిల్లలకి అక్షరాలకన్నా ముందు వచ్చేవి కొన్ని పేర్లున్నాయి. నలగామరాజు, నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు. పన్నెండో శతాబ్దంలో నలగామరాజుకి రాజధాని మా ఊరు. మలిదేవరాజుకి మాచర్ల. అన్నదమ్ముల మధ్య కోడిపందెంతో రేగిన మంట కారంపూడి దగ్గర యుద్ధమై, ఒక తరం మగవాళ్ళని మింగేసింది. శ్రీనాథుడు ఆ కథని ద్విపదలో రాశాడు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరుల ఆయుధాలకి పూజ చేస్తారు.

అట్లాంటి ఊళ్ళో నాటకం వేద్దామనుకుంటే ఇంకే నాటకం వేస్తారు? నేను ఏడో తరగతిలో ఉండగా వేసవి సెలవల్లో మా వీధి కుర్రాళ్ళూ పెద్దలూ కలిసి పల్నాటి యుద్ధం వెయ్యాలని నిర్ణయించారు. హార్మోనిస్టు కుదిరాడు. ఆడవేషాలకి పట్నం నుంచి ఆర్టిస్టులు కుదిరారు. అద్దె డ్రస్సుల పెట్టె బస్సు టాపు మీద దిగింది. పెట్టె మూత తీసేసరికి పిల్లలందరం చుట్టూ మూగాం. అట్టకిరీటాలు, కాకిబంగారం కాగితం అతికించిన భుజకీర్తులు, చెమ్కీలు సగం రాలిపోయిన వెల్వెట్టు కోట్లు, ఎంతమంది రాజుల చెమటో పీల్చుకున్న ఒక వాసన. అందులో ఆడవేషానికి ఉన్నవి రెండే రకాలు. ఒకటి తళుకుల రాణి చీర. రెండోది తెల్లచీర.

అక్కడ వచ్చింది పేచీ. నాగమ్మకి ఏది కట్టాలి?

కథలో చెప్పుకునే నాగమ్మ చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషి. జిట్టగామాలపాడు ఆడపడుచు. తన తెలివితో రాజుగారి కొలువులో మంత్రి అయింది. “భర్త లేని మనిషి కదా, తెల్లచీరే కట్టాలి” అన్నారు ఒక పక్షం వాళ్ళు. “మంత్రిగారండీ! తళుకులు లేకపోతే స్టేజీ మీద ఆనుతుందా?” అన్నారు రెండో పక్షం. ఊళ్ళో జాకెట్లన్నీ కుట్టేది మా పెద్దమ్మే కనక కొలతలు సరిచెయ్యడానికి పెట్టె మా వసారాలోకి వచ్చింది. పేచీ కూడా పెట్టెతోపాటు వచ్చి కూర్చుంది.

మా పెద్దమ్మకి అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఆరో ఏట పెదనాన్న పోయాడు. అప్పటినుంచి ఒక ఉషా మిషను, ఒక కత్తెర, ఆవిడ బతుకు. నాగమ్మకి ఏ చీర కట్టాలో ఆవిడ ఏం తేల్చిందో తర్వాత చెప్తాను. ముందు ఆ పని ఎంత పెద్ద పనో చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు వసారాలో జరిగిన వాదనే, ఖరీదైన తివాచీల మీద, పెద్ద పెద్ద ఊళ్ళలో, మూడువందల డెబ్భై, ఎనభై ఏళ్ళుగా జరుగుతోంది.

పాశ్చాత్య దేశాల్లో ఒపేరా అని ఉంది. కథంతా పాటలోనే నడుస్తుంది. మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోండి. మనవాళ్ళు పద్యం చివర రాగం తీసి ‘వన్స్‌మోర్’ కొట్టించుకున్నట్టే, అక్కడా ఒక్క గొంతు విసురుకి హాలంతా లేచి నిలబడుతుంది. పదిహేడో శతాబ్దంలో, 1640ల్లో, ఇటలీలోని వెనిస్ నగరంలో తొరెల్లీ అనే ఆయన ఒపేరా రంగస్థలం కింద బళ్ళూ తాళ్ళూ చక్రాలూ అమర్చాడు. కింద ఒక్క ఇరుసు తిప్పితే పైన అడవి పోయి రాజసభ వచ్చేది. చూసినవాళ్ళు మంత్రగాడన్నారు. అప్పటినుంచి అక్కడ రంగాన్నీ దుస్తుల్నీ రూపొందించే మనిషికి సంగీతం కట్టినవాడి పక్కనే ఒక పీట ఉంది.

వాళ్ళు పని చేసే పద్ధతి వింటే మనకి ముచ్చటేస్తుంది. ముందు సంగీతం వింటారట. తర్వాత రంగస్థలాన్ని చిన్న పెట్టెంత నమూనాగా కట్టుకుంటారు. ఒక్కొక్క పాత్రకీ రంగుల బొమ్మ గీసి, దాని పక్కన గుడ్డముక్క పిన్నుతో గుచ్చుతారు. ఇదంతా సరే, అసలు కిటుకు మరోచోట ఉంది. ఆ బట్ట కట్టుకునే మనిషి నిలబడదు, పాడుతుంది. మెడపట్టీ గొంతు నొక్కకూడదు. నడుము దగ్గర బిగిస్తే ఊపిరి అందదు. తలమీది కిరీటం చెవులు మూస్తే వాద్యం వినబడదు, శ్రుతి తప్పుతుంది. అందంగా ఉండాలి, పాటకి అడ్డం రాకూడదు. పెళ్ళికూతురికి జాకెట్టు కుట్టిన ఏ ఆడదానికైనా ఈ చిక్కు సగం తెలుసు.

మన దగ్గర ఈ విద్య లేదని కాదు. భరతముని నాట్యశాస్త్రంలోనే అభినయాన్ని నాలుగు రకాలు చేశాడు. ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం. ఆహార్యమంటే బట్టా, నగా, వేషమూ, రంగాలంకరణా. (ఈ మాట మా పెద్దమ్మతో అంటే, “ఆహార్యమా? తినేదేమో అనుకున్నా” అంది!) బట్ట కూడా నటిస్తుందని ఆయన ఒప్పుకున్నాడన్నమాట. నటుడు నోరు విప్పకముందే, అడుగు వెయ్యకముందే, వాడెవడో చెప్పేది ఆహార్యమే.

తెలుగుదేశంలో కొత్త నాటకానికి ఊపొచ్చింది 1880 ప్రాంతంలో. ధార్వాడ నాటక కంపెనీవాళ్ళు వచ్చి మన ఊళ్ళలో ఆడి వెళ్ళారు. రాజమండ్రిలో వాళ్ళు వదిలి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన నాటకం వేయించారు. బొంబాయి పార్సీ కంపెనీల రంగుల తెరల మోజు కూడా ఆ గాలితోనే మనదాకా వచ్చింది. వీధి తెర, అడవి తెర, దర్బారు తెర, ఉద్యానవనం తెర. ఈ నాలుగూ ఉంటే చాలు, ఏ పురాణమైనా నడిచిపోయేది. ఆ తెరల మీది దేవతలకి పోలికలు ఎక్కడినుంచి వచ్చాయంటారు? చాలామటుకు రవివర్మ బొమ్మల్లోంచి. 1894లో ఆయన బొంబాయి దగ్గర అచ్చు యంత్రం పెట్టాక లక్ష్మీ సరస్వతులు చీర కట్టి మన గోడల మీదకి వచ్చారు. గోడల మీదినుంచి తెరమీదికీ, స్టేజీ మీదికీ దిగారు.

అదే కాలంలో 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక వింత జరిగింది. తోలుబొమ్మలాడించుకుని బతికే వనారస వారి కుటుంబాలవాళ్ళు బొమ్మల్ని పక్కనబెట్టి తామే బొమ్మలై ‘కీచకవధ’ ఆడారు. వనారస గోవిందరావుగారు పెంచిన ఆ సమాజం తర్వాత ఎన్నో శాఖలై ఊరూరా తిరిగింది. సురభి అంటే ఒక సంసారం. తాత తెర లాగుతాడు, తండ్రి రాజు, తల్లి రాణి, పిల్లలు లవకుశులు. ఇతర సమాజాల్లో మగవాళ్ళు ఆడవేషాలు కడుతున్న రోజుల్లో అక్కడ ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ ఇంటి పిల్లే.

సురభివాళ్ళ మాయాబజార్ చూసినవాళ్ళు దాన్ని జన్మలో మరచిపోరు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. రెండు బాణాలు నిప్పులు కక్కుకుంటూ నడిమధ్యన గుద్దుకుంటాయి. అంతా సన్నని తీగల మహిమ. తోలుబొమ్మని పుల్లతో ఆడించిన చేతులకి తీగతో మనిషిని ఎగరెయ్యడం పెద్ద లెక్కేమిటి! తొరెల్లీ ఇరుసు సంగతి ఈ సంసారాలకి ఎవరూ చెప్పి ఉండరు. అయినా అక్కడా ఇక్కడా అదే ఆశ, మనిషి కళ్ళముందే ఒక లోకం పోయి ఇంకో లోకం రావాలని. పగలు డేరా వెనక తెరలకి రంగులు వేసుకుని, చిరిగిన వేషాలు అతుకులు వేసుకుని, రాత్రి వాటిలోనే రాజులై నిలబడటం, ఇదీ వాళ్ళ దినచర్య.

అన్నట్టు, స్త్రీ పాత్రలు వేసిన మగవాళ్ళని తక్కువ చెయ్యకూడదు. మా ఉమ్మడి గుంటూరు జిల్లా బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచి వస్తుంటే ఆడవాళ్ళు చీరకట్టు చూడటానికి వచ్చేవారని మా అమ్మమ్మ చెప్పేది. చీర కుచ్చెళ్ళూ, పైట జారే తీరూ ఆయన దగ్గర పాత్రకో రకం. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది ఆయనకి.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకి వస్తాను. ఇంటికి తిరిగొచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేసి నా చదువుకి పట్టిన బూజు దులుపుకున్నాను.

ఆ కృష్ణుణ్ణీ ఆ ద్వారకనీ మొదట కాగితం మీద చూసిన మనిషి మాధవపెద్ది గోఖలే. ఎక్కడో బొంబాయివాడు అనుకునేరు! గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో 1917లో పుట్టారు. అదే సినిమాలో ఘటోత్కచుడి విందు పాట పాడిన మాధవపెద్ది సత్యంగారిదీ ఆ ఊరే. ఒకే పల్లె ఘటోత్కచుడికి గొంతూ ఇచ్చింది, రూపమూ ఇచ్చింది.

గోఖలేగారు మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చిత్రకళ నేర్చుకున్నారు. దేవీప్రసాద్ రాయ్ చౌదరి ప్రిన్సిపాలుగా ఉన్న రోజులవి. పత్రికలకి బొమ్మలు వేశారు. కథలు రాశారు. అవి రాజుల కథలూ కావు, రాకుమారుల కథలూ కావు. పల్లెలో కష్టం చేసుకునేవాళ్ళ కథలు, వాళ్ళ మాటల్లోనే. నాకు ఇది తెలిసినప్పుడు ఆశ్చర్యమేసింది. కూలివాడి కథ రాసిన చెయ్యే కురురాజు సభనీ గీసింది. కాస్త ఆలోచిస్తే ఆశ్చర్యం తగ్గింది. మనిషి ఒంటిమీద బట్ట ఎట్లా నలుగుతుందో చూసినవాడికే పట్టుబట్ట ఎట్లా నిలబడాలో తెలుస్తుంది.

విజయా సంస్థ వారి ‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. కళ గోఖలే, కళాధర్. నేపాళ మాంత్రికుణ్ణి తలచుకోండి. రంగారావుగారి నటన సంగతి అట్లా ఉంచండి, ఆ వేషం చూస్తేనే పిల్లలు తల్లి కొంగు చాటుకి పోతారు. ఆ గుహ, ఆ భైరవి విగ్రహం, ఆ మెట్లు, ఇవేవీ మన తాతల నాటి నాలుగు తెరల్లో లేనివి. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ సినిమా చూపించారు. నాలుగేళ్ళకి 1955లో ‘మిస్సమ్మ’. మాయలూ లేవు, మంత్రాలూ లేవు. ఒక పెద్ద ఇల్లు, వీధిబడి, అద్దె కాపురం. చేసింది ఆ ఇద్దరే. గుహ కట్టడం కన్నా మనకి తెలిసిన ఇల్లు కట్టడం కష్టమని నా నమ్మకం. గుహలో తప్పు ఎవరు పడతారు? వంటింట్లో గిన్నె తప్పుచోట ఉంటే మనం ఊరుకోం.

1957లో ‘మాయాబజార్’. దర్శకుడు కె.వి. రెడ్డిగారు ఏదీ లెక్క లేకుండా చేసే మనిషి కాదు. పాత్రలకీ సెట్లకీ గోఖలేగారు బొమ్మలు గీశారు. కళాధర్‌గారు వాటిని చెక్కతో, గుడ్డతో, ప్లాస్టరుతో నిలబెట్టారు. ద్వారకానగరం కనిపిస్తుంది చూడండి, అది వాహినీ స్టూడియోలో యాభై అడుగులకి అరవై అడుగుల జాగాలో కట్టిన బొమ్మల ఊరు. దాదాపు మూడువందల బుల్లి ఇళ్ళు. ఇంటింటికీ దీపాలు. మార్కస్ బార్‌ట్లే కెమెరా దాని మీదుగా వెళ్తే మనకి ఊరు ఊరంతా పండగ చేసుకుంటున్నట్టుంటుంది. మన బొమ్మల కొలువే, కాకపోతే సినిమావాళ్ళ బొమ్మల కొలువు!

ఇక కృష్ణుడు. రామారావుగారు అంతకుముందు వేరే సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చుకోలేదట. అందుకని ఈసారి ఆయనే వెనకాడారట. కె.వి. రెడ్డిగారు పట్టుబట్టి కిరీటం దగ్గరనుంచి నగలదాకా ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకున్నారు. తర్వాతి కథ మీకు తెలుసు. ఎన్నో సినిమాల్లో ఆయనే కృష్ణుడు. క్యాలెండర్ల మీద ఆయనే, దేవుడి గూట్లో ఆయనే. రవివర్మ గోడ మీదినుంచి దేవుణ్ణి స్టేజీకి దింపితే, ఆ స్టూడియో దేవుణ్ణి తిరిగి గోడ మీదికి ఎక్కించింది. నేటికీ కళ్ళు మూసుకుని ‘కృష్ణా’ అంటే చాలామందికి కనిపించే కిరీటం ఒకానొక గుంటూరు జిల్లా చిత్రకారుడి చేతి చలవే. దండం పెట్టేటప్పుడు మనకా సంగతి గుర్తుండదు. ఉండకపోవడమే ఆయన గెలుపేమో కూడా.

ఇంకొక్క మాట. మా అమ్మాయి ముచ్చటపడ్డ శశిరేఖ చీర రంగులు గోఖలేగారివి కావు. అవి 2010లో కంప్యూటరు మీద అద్దినవి. ఆయన చేతికి అందినవి నలుపూ తెలుపూ మాత్రమే. అదెంత చిక్కో మనం ఒక్కసారి ఊహించుకోవాలి. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన పెడితే మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నలుపు తెలుపు ఫిల్ముమీద రెండూ ఒకే బూడిదరంగై కలిసిపోవచ్చు. అప్పుడు ఆ మనిషి నమ్ముకోవలసింది రంగుని కాదు, గుడ్డ స్వభావాన్ని. పట్టు వెలుగుని తిప్పికొడుతుంది. వెల్వెట్టు మింగేస్తుంది. జరీ చెదరగొడుతుంది. సన్నని తెర వెలుగుని తనలోంచి పోనిస్తుంది. రాజుని చీకట్లోంచి లాగేది రాళ్ళ హారం మీద పడే ఒక్క మెరుపు. అందుకే ఈసారి వీలైతే రంగులు తీసేసిన మాయాబజార్ చూడండి. అసలు నేత కనిపిస్తుంది.

‘జగదేకవీరుని కథ’ (1961) లాంటివి మరికొన్ని చేసి, గోఖలేగారు 1981లో వెళ్ళిపోయారు. టైటిళ్ళలో ‘కళ’ అన్న మాట కింద ఆయన పేరు వస్తుంది, వెళ్తుంది. మనం ఆ కాస్సేపట్లో చాపలు సర్దుకుంటాం.

ఇది మన ఒక్క దేశపు మరుపు కాదు. కాకపోతే ఒపేరా ఆడే పెద్ద ఊళ్ళలో ముందే అచ్చువేసే పుస్తకంలో రంగం ఎవరిది, దుస్తులు ఎవరివి అని గాయకుల పేర్లతోపాటు వేస్తారు. పారిస్‌లో 1910లో రష్యా నాట్యబృందం ‘షెహరజాదే’ ఆడితే, బాక్‌స్ట్ అనే చిత్రకారుడు వేసిన రంగులు చూసి అక్కడి ఆడవాళ్ళు తమ దుస్తుల తీరే మార్చుకున్నారు. మన దేశానికి మొట్టమొదటి ఆస్కారు తెచ్చింది ఎవరనుకున్నారు? నటుడూ కాదు, దర్శకుడూ కాదు. బట్టలు రూపొందించిన ఆడమనిషి, భాను అథయ్య. ‘గాంధీ’ సినిమాకి 1983లో. గాంధీగారికి ఉన్నది ఒక కొల్లాయి గుడ్డ కదా, దానికి బహుమానమేమిటి అని నవ్వేవాళ్ళున్నారు. ఆ కొల్లాయి చుట్టూ నిలబడ్డ ఒక దేశాన్ని, దాని వయసుల్నీ కులాల్నీ కాలాల్నీ కట్టించింది ఆవిడే మరి.

ఇప్పుడు మా వసారాకి రండి. నాగమ్మ ఇంకా చీర లేకుండా కూర్చుని ఉంది.

పెద్దమ్మ రెండు పక్షాలూ చెప్పింది విన్నది. తళుకుల చీర చేత్తో తడిమి పెట్టెలో పడేసింది. “ఈ మనిషి రాజ్యం నడుపుతోందా, పేరంటానికి పోతోందా?” అంది. తెల్లచీర తీసింది. కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. అది కూడా మడిచి పెట్టెలో పెట్టేసింది.

“అదేంటి వదినా, భర్త పోయిన మనిషి కదా?” అన్నాడు పెద్దమనిషి ఒకాయన.

“మొగుడు పోతే మనిషి పోద్దా అబ్బాయ్?” అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. మిషను చప్పుడులో సగం కలిసిపోయింది ఆ మాట. కాని వసారాలో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి తన ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక ముదురు నీలం నేతచీర తీసింది. ముతకది, ఎర్ర అంచుది. పెదనాన్న ఉన్నప్పుడు కొన్నదట. తర్వాత కట్టనిచ్చింది ఎవరు! దాన్ని కాసెపోసి ఎట్లా కట్టాలో పట్నం నుంచి వచ్చిన ఆర్టిస్టుకి తనే చూపించింది. నడుముకి పెదనాన్న తోలు బెల్టు. దానికి అట్టకత్తి కాకుండా మా ఇంట్లో పాత పిడిబాకు ఒర. నగలు లేవు. నుదుట కుంకుమ లేదు. జుట్టు నున్నగా వెనక్కి దువ్వి ముడి. జాకెట్టు మాత్రం ఛాతీ దగ్గర రెండు వేళ్ళు వదులుగా కుట్టింది. “పద్యం తియ్యాలంటే పొట్టనిండా గాలి కావాలమ్మా. బిగిస్తే రాగం సగంలో తెగుద్ది” అని ఆవిడకి చెప్పింది. వెనిస్‌లోనూ పారిస్‌లోనూ మహామహులు తెలుసుకున్న రహస్యం మా పెద్దమ్మకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. ఊళ్ళో పాలిచ్చే తల్లులకి జాకెట్లు కుట్టి కుట్టి తెలుసుకుందేమో.

ఆ రాత్రి ట్యూబులైట్ల వెలుగులో రాజులందరూ తళతళలాడుతూ వచ్చారు, పోయారు. నలగామరాజు సభలోకి నాగమ్మ అడుగుపెట్టింది. అన్ని తళుకుల మధ్యా ఒక్క నల్లని నీలం. నోరు విప్పలేదు ఇంకా. ముందు వరసల్లో చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ గుసగుసలు ఆగిపోయాయి. సినిమాల్లో 1947లో కన్నాంబగారు, 1966లో భానుమతిగారు వేసిన నాగమ్మల్ని చూసినవాళ్ళు ఎందరో ఉన్నారు అక్కడ. అయినా అది వేరు. ఆ నాగమ్మ కుట్రలు పన్నే విలనూ కాదు, ఏడ్చే విధవా కాదు. పని చేసుకునే మనిషి. మాచర్లవాళ్ళు ఏమన్నా అనుకోనీండి, మా ఊరి ఆడవాళ్ళు ఆ రాత్రి మా మంత్రిగారిని కళ్ళారా చూసుకున్నారు. పద్యానికి రెండు వన్స్‌మోర్‌లు. రాగం తెగలేదు.

ఆ నాటకం కరపత్రం ఇప్పటికీ మా పెద్దమ్మ బీరువాలో ఉంది. గులాబీరంగు కాగితం. నటీనటుల పేర్లున్నాయి. హార్మోనిస్టు పేరుంది. మైకుసెట్టు ఇచ్చినవాళ్ళ పేరుంది. చందాదార్ల పేర్లయితే ఒక పేజీ. డ్రస్సులు అన్నచోట అద్దె దుకాణం పేరుంది.

సంక్రాంతినాడు ఆ కాగితం తీయించి మా అమ్మాయికి చూపించాను. అది ఒక్క క్షణం చదివి, పెన్ను తెచ్చి, “అమ్మమ్మా, నీ పేరు రాయనా?” అంది.

“ఇప్పుడెందుకే పిచ్చిదానా! ఆ ఆర్టిస్టు చీర తిరిగిస్తా అంది. నేనే ఉంచుకోమన్నా. అదే చాల్లే” అంది పెద్దమ్మ. అంటూనే, కందికాయల చేట పక్కకి జరిపి, చెయ్యి తుడుచుకుని, కాగితం తన వైపు తిప్పుకుంది. ఎక్కడ రాస్తుందో చూద్దామని కాబోలు.

టీవీలో శశిరేఖ పెళ్ళి జరుగుతోంది. పెద్దమ్మ కళ్ళు చికిలించి ఆ వైపు చూసింది. “ఆ జాకెట్టు చేతి అంచు చూడు. కెమెరా ఎంత దగ్గరికి వచ్చినా ముడత లేదు. ఎవడో మంచి పనివాడు” అంది.

పేరు గోఖలే పెద్దమ్మా, అని ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. మీరు కూడా ఈసారి టైటిళ్ళప్పుడు చాపలు కాస్త ఆగి సర్దుకుంటారు కదూ?